అమ్మ కోసం కొన్న బీపీ మిషన్: రెండేళ్ళు వాడాక నా రివ్యూ

రెండేళ్ళ క్రితం సంక్రాంతికి తెనాలి వెళ్తూ అమ్మ కోసం ఒక బీపీ మిషన్ కొన్నాను. చేతికి పట్టీ చుట్టి బటన్ నొక్కితే దానంతట అదే గాలి ఎక్కించుకుని అంకెలు చూపించే రకం. రెండు వేల చిల్లర అయింది. అమ్మకి పదేళ్ళుగా బీపీ ఉంది, కానీ మాత్ర మాత్రం తల తిరిగినప్పుడో మెడ వెనక పట్టేసినప్పుడో వేసుకుంటుంది, మిగతా రోజుల్లో "ఇవాళ బానే ఉందిలే" అని డబ్బాలోనే ఉంచేస్తుంది. ఇంట్లో మిషన్ ఉంటే కనీసం అంకె చూసి భయపడైనా వేసుకుంటుందని నా ఆశ. ప్రయాణానికి ముందు రోజు రాత్రి, ఎలా వాడాలో అమ్మకి చూపించాలి కదా అని ముందు నా చేతికే చుట్టుకున్నాను. 158/100 వచ్చింది. మిషన్ పాడైందనుకున్నాను. మా ఆయనకి చుడితే 122/78. మళ్ళీ నాకు చుడితే 156/98.

అప్పుడు నాకు 36 ఏళ్ళు. తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు, ఆయాసం లేదు. పొద్దున్నే లేచి వంట చేసి, పాపని స్కూల్ బస్సు ఎక్కించి, కూకట్‌పల్లిలో మెట్రో ఎక్కి ఆఫీసుకి వెళ్ళి, సాయంత్రం వచ్చి మళ్ళీ వంట చేసే మనిషిని. ఎవరు అడిగినా "బాగున్నాను" అని చెప్పేదాన్ని, అది నిజమనే నమ్మేదాన్ని. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఈ రివ్యూలో కంపెనీ పేరు రాయడం లేదు. ఎందుకంటే ఈ రకం మిషన్లు చాలా కంపెనీలవి ఉన్నాయి, అన్నీ పనిచేసే పద్ధతి దాదాపు ఒకటే. మన చేతి రక్తనాళంలో పుట్టే అదురుని పట్టీ పసిగడుతుంది, దాన్నిబట్టి మిషన్ లెక్క కడుతుంది. కొనేవాళ్ళు చూడాల్సింది ఆ మోడల్‌ని సరిగ్గా పరీక్షించారా లేదా అన్నది. స్ట్రైడ్ బీపీ అనే సంస్థ అలా పరీక్షల్లో నెగ్గిన మోడళ్ళ జాబితా ఇంటర్నెట్‌లో ఉచితంగా పెడుతుంది. నేను కొన్నాక చూశాను, మీరు కొనేముందు చూడండి. ఇంకో మాట, మణికట్టుకి పెట్టుకునే రకం నేను ఎవరికీ చెప్పను. మా ఆఫీసులో ఒకావిడ దగ్గర ఉంది, చెయ్యి ఒడిలో పెట్టుకుంటే ఒక అంకె, గుండె దాకా ఎత్తితే ఇంకో అంకె, పాపం ఆవిడ ప్రతిసారీ కంగారు పడుతుంది. మోచేతికి పైన చుట్టే రకమే తీసుకోండి.

అసలు నాకు బీపీ కొత్త కాదు. 31 ఏళ్ళకి పాప కడుపులో ఉన్నప్పుడు ఎనిమిదో నెలలో పెరిగింది. కాళ్ళు వాచాయి, మందు వేశారు, వారానికి రెండుసార్లు చూపించుకోమన్నారు, 37 వారాలకే డెలివరీ చేశారు. కాన్పయ్యాక నెలన్నరకి మామూలుకి వచ్చేసింది, మందు ఆపేశారు. అంతే, ఆ కథ అక్కడితో అయిపోయిందనుకున్నాను. డిశ్చార్జ్ కాగితాల్లో పాప టీకాల తేదీలు ఉన్నాయి, నా కుట్ల గురించి ఉంది, నా బీపీ ఏటేటా చూసుకోవాలని ఎక్కడా లేదు, ఎవరూ నోటితోనూ చెప్పలేదు. గర్భంతో ఉన్నప్పుడు బీపీ వచ్చినవాళ్ళకి తర్వాత జీవితంలో బీపీ, గుండె జబ్బులు వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే ఎక్కువని నాకు చెప్పింది ఐదేళ్ళ తర్వాత వేరే డాక్టరు. ఇది చదువుతున్న ఆడవాళ్ళలో ఎవరికైనా కడుపుతో ఉన్నప్పుడు బీపీ వచ్చి ఉంటే, దయచేసి ఈ పేరా దగ్గరే ఆగి, ఈ వారంలోనే ఒకసారి చూపించుకోండి. పాపకి చుక్కల మందు ఒక్కరోజు ఆలస్యం కానివ్వని నేను, ఐదేళ్ళలో ఒక్కసారి కూడా నా చెయ్యి చాపి బీపీ చూపించుకోలేదు.

ఇక మిషన్ సంగతి. పెట్టెలో వచ్చిన పట్టీ మీద 22–32 సెం.మీ. అని రాసి ఉంటుంది. అది భుజానికీ మోచేతికీ మధ్య చెయ్యి చుట్టుకొలత. నేను ఆ చిన్న అక్షరాలు చదవలేదు. ఊరి నుంచి వచ్చాక టైలరింగ్ టేపుతో కొలిస్తే నా చెయ్యి 34 సెం.మీ. ఉంది. చేతికి సరిపోని చిన్న పట్టీ చుడితే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుందట. పెద్ద సైజు పట్టీ విడిగా తెప్పించాను, మళ్ళీ ఆరేడు వందలు. దాంతో చూస్తే 148/94 వచ్చింది. తగ్గింది కదా అని కాసేపు సంతోషపడ్డాను, కానీ అదీ ఎక్కువే. కంపెనీలు ఈ విషయం పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాస్తే ఎంత బాగుండు అనిపిస్తుంది. మన ఇళ్ళల్లో చేతులు లావుగా ఉండే ఆడవాళ్ళు ఎంతమంది లేరు, వాళ్ళందరూ ఆ చిన్న పట్టీతోనే చూసుకుని ఉంటారు.

చూసుకునే పద్ధతి కూడా నాకు పూర్తిగా కొత్త. నేను స్టవ్ మీద పప్పు పెట్టి, గబగబా వచ్చి, కాలు మీద కాలేసుకుని, పాపతో మాట్లాడుతూ బటన్ నొక్కేదాన్ని. డాక్టరు గారు నా దగ్గర కూర్చుని మరీ చెప్పారు. అరగంట ముందు నుంచి కాఫీ తాగకూడదు. ముందు బాత్రూంకి వెళ్ళి రావాలి, మూత్రం ఆపుకుని కూర్చుంటే కూడా అంకె పెరుగుతుంది. వీపు కుర్చీకి ఆనించి, రెండు పాదాలూ నేలకి ఆన్చి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి, ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. జాకెట్టు చెయ్యి మీద నుంచి చుట్టకూడదు. కొలుస్తున్నప్పుడు మాట్లాడకూడదు. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాసుకోవాలి. మొదటిసారి రెండు చేతులకీ చూసి, ఏ చేతికి ఎక్కువ వస్తే ఇక ఎప్పుడూ ఆ చేతికే చూడాలి.

ఆ ఐదు నిమిషాలు కూర్చోవడం ఉంది చూశారా, అదే నాకు అన్నిటికంటే కష్టమైంది. పెళ్ళయ్యాక, పాప పుట్టాక, మెలకువగా ఉండి చేతిలో ఏ పనీ లేకుండా, ఫోన్ కూడా లేకుండా, నేను వరసగా ఐదు నిమిషాలు కూర్చున్న రోజు ఉందా అని ఆలోచిస్తే గుర్తు రాలేదు. మొదటి వారం కూర్చోగానే ఏదో ఒకటి గుర్తొచ్చి లేచేదాన్ని, పాలు పొంగుతాయేమో, బట్టలు తడుస్తాయేమో. పాప వచ్చి "అమ్మా, ఏం చేస్తున్నావు" అని అడిగితే "ఏమీ చెయ్యట్లేదురా, కూర్చున్నాను" అన్నాను, ఆ మాట చెప్పడం నాకే వింతగా అనిపించింది. ఇప్పుడు తనే వచ్చి పక్కన కూర్చుని, నోటి మీద వేలు పెట్టుకుని, మిషన్ గుయ్యిమని ఆగేదాకా కదలదు. రెండు వేలు పెట్టి కొన్నదాంట్లో నాకు అన్నిటికంటే విలువైనది ఆ ఐదు నిమిషాలే అంటే అతిశయోక్తి అనుకోకండి.

డాక్టరు ఏడు రోజులు పొద్దున రెండుసార్లు, రాత్రి రెండుసార్లు రాసుకుని రమ్మన్నారు. మొదటి రోజువి తీసేసి మిగతావాటికి సగటు కట్టారు. 146/93. ఆస్పత్రిలో చూస్తే పై అంకె 160 దాటింది, అక్కడ టెన్షన్‌తో పెరగడం చాలామందిలో ఉండేదేనట, అందుకే ఇంట్లో కొలతలకి అంత విలువ. ఆస్పత్రిలో 140/90 దాటితే ఎక్కువ అంటారు, ఇంట్లో చూసుకునేదానికి మాత్రం ఆ గీత 135/85. ఈ సంగతి తెలియక మా చుట్టాల్లో ఒకరు ఇంట్లో 138 వస్తే "ఇంకా 140 దాటలేదుగా" అని ఊరుకున్నారు. ఏడు రోజుల కాగితంలో ఒక రోజు 136 ఉంది, ఒక రోజు 157 ఉంది. 157 వచ్చిన రోజు నేను ఏడ్చాను, 136 వచ్చిన రోజు నాకేం లేదని అమ్మకి ఫోన్ చేశాను. డాక్టరు ఆ రెండిటినీ పట్టించుకోలేదు. ఒక్క రోజుని చూసి ఏదీ తేల్చకూడదని నాకు అప్పుడు అర్థమైంది. ఆఫీసులో ఒక రోజు మాట పడితే నెల రోజులు నాకు ఏ పనీ రాదనుకునే మనిషిని, పాప ఒక రోజు మొండికేస్తే నేను మంచి తల్లిని కాదనుకునే మనిషిని, ఆ సగటు కట్టడం చూసి చాలాసేపు ఆలోచించాను.

అమ్మకి చెబితే ముందు నమ్మలేదు. "ఏంటే, ముప్పై ఆరేళ్ళకి నీకు బీపీ ఏంటి, నిద్ర చాలక అయ్యుంటుంది" అంది. మనకి బీపీ అంటే అరవై దాటినవాళ్ళ జబ్బు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వారి ఇండియాబ్ సర్వే ప్రకారం మన దేశంలో వయోజనుల్లో 35.5 శాతం మందికి బీపీ ఉంది. అంటే ప్రతి ముగ్గురిలో ఒకరికి. 30 ఏళ్ళు దాటిన అందరికీ బీపీ, షుగర్ చూడాలని కేంద్ర ప్రభుత్వ కార్యక్రమమే ఉంది, ఆశా వర్కర్లు ఇళ్ళకి వచ్చి ఫారం నింపేది దానికోసమే. తెనాలిలో అమ్మ ఇంటికి ఆశా వర్కర్ వస్తే అమ్మే చెయ్యి చాపింది. హైదరాబాద్‌లో మేం పగలు ఇంట్లో ఉండం, కాబట్టి ఎవరైనా వచ్చి ఉన్నా మాకు తెలియదు. మిషన్ కొనే స్తోమత లేనివాళ్ళు హైదరాబాద్‌లో అయితే బస్తీ దవాఖానాకి వెళ్ళొచ్చు, అక్కడ ఉచితంగా చూస్తారు.

రక్తపరీక్ష, మూత్రపరీక్ష, ఈసీజీ, థైరాయిడ్ అన్నీ చేయించాను, దేవుడి దయ వల్ల కిడ్నీలు బాగున్నాయి. మూడు నెలలు ముందు తిండి, నడక మార్చి చూద్దాం అన్నారు. నడుం నొప్పికి వారంలో మూడు నాలుగు రోజులు పెయిన్ కిల్లర్ వేసుకుంటానని చెప్పగానే అది ఆపమన్నారు, ఆ మందుల వల్ల కూడా బీపీ పెరుగుతుందట. ఎవరూ చెప్పరు ఇవి, మందుల షాపులో అడగ్గానే ఇచ్చేస్తారు.

ఉప్పు దగ్గర మాత్రం గుండె బరువెక్కింది. రోజుకి ఐదు గ్రాముల లోపు, అంటే ఒక టీస్పూను కంటే తక్కువ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, అదీ అన్ని రకాల తిండిలో కలిపి. మా ఇంట్లో భోజనం అంటే పప్పులోకి ఊరమిరపకాయలు, వడియాలు, పెరుగన్నంలోకి ఆవకాయ, మధ్యలో గోంగూర. ఆవకాయలో గిన్నె కారానికి దాదాపు గిన్నె ఉప్పు పడుతుంది. వేసవిలో అమ్మ పెట్టి పంపే జాడీ చూస్తే నాకు ఊరు వచ్చినట్టు ఉంటుంది, దాన్ని వద్దనడం అమ్మని వద్దన్నట్టు అనిపించింది. చివరికి మానెయ్యలేదు. ఆదివారం ఒక్క రోజు, ఒక ముక్క. మిగతా రోజులు నిమ్మకాయ పిండుకుంటున్నాను. కూరలో ఉప్పు కొంచెం కొంచెంగా తగ్గించాను, మూడు వారాల తర్వాత మా ఆయన, పాప ఇద్దరూ కనిపెట్టలేదు, నాకు మాత్రం హోటల్ సాంబార్ ఉప్పగా తగలడం మొదలైంది. సోడియం తక్కువ ఉండే ఉప్పు షాపుల్లో దొరుకుతోంది, కానీ అందులో పొటాషియం కలుపుతారు కాబట్టి కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు, కొన్ని రకాల బీపీ మందులు వాడేవాళ్ళు డాక్టర్ని అడక్కుండా కొనకండి.

మూడు నెలలకి సగటు 140/89కి దిగింది. సరిపోలేదు. మందు మొదలుపెట్టారు, ఆమ్లోడిపిన్ 5 ఎంజీ. మందు రాసిన రోజు నేను ఓడిపోయినట్టు ఫీలయ్యాను. నడిచాను, ఉప్పు తగ్గించాను, అయినా సరిపోలేదేంటి అని. డాక్టరు గారు "మీ అమ్మగారికి ఉంది, మీకు కాన్పులో వచ్చింది, ఇందులో మీ తప్పు ఏముందమ్మా" అన్నారు. ఆ మాట వినడానికి నాకు ఎన్నేళ్ళు పట్టిందో. రెండు వారాలకి చీలమండల దగ్గర వాపు వచ్చింది, ఆ మందుకి అలా రావడం ఉందట. సొంతంగా ఆపెయ్యకుండా వెళ్ళి చెప్పాను. ఆ డోసు సగం చేసి టెల్మిసార్టాన్ చిన్న డోసు కలిపారు, కలిపేముందు ఇంకా పిల్లలు కావాలనుకుంటున్నారా అని అడిగారు, గర్భంతో ఉన్నవాళ్ళు ఆ మందు వాడకూడదు. ముప్పైల్లో ఉన్న ఆడవాళ్ళకి ఈ ప్రశ్న ఎవరూ అడక్కపోతే మీరే చెప్పండి. రెండు మందులూ జన్ ఔషధి షాపులో చాలా తక్కువకి దొరుకుతున్నాయి. ఇప్పుడు నా సగటు 124/80.

ఆ ఏడాది నేను చూడకుండా వదిలేసిన మిగతావి కూడా ఒక్కొక్కటిగా తెరిచాను, దానికీ ఈ మిషన్‌దే పుణ్యం. అంకె తెలిస్తే ఏమవుతుందోనని భయపడ్డాను, తెలిశాక కాగితం మీద రాసుకుని డాక్టరు దగ్గరకి వెళ్ళగలిగాను. మరి మిగతావాటికి ఎందుకు భయపడుతున్నాను అనిపించింది. పీఎఫ్‌లో నామినీగా ఇంకా నాన్న పేరే ఉంది, ఆయన పోయి నాలుగేళ్ళు. పెళ్ళయ్యాక పాత నామినేషన్ చెల్లదని, కొత్తగా ఇవ్వాలని అప్పుడే తెలిసింది. హోమ్ లోన్ స్టేట్‌మెంట్ తీసి చూస్తే, ఆరేళ్ళు కట్టిన ఈఎంఐల్లో ఎక్కువ భాగం వడ్డీకే పోయింది. మా ఆయనా నేనూ ఆ రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నాం, డబ్బు గురించి పోట్లాడుకోకుండా మాట్లాడుకున్న మొదటిసారి అది.

హెల్త్ ఇన్సూరెన్స్ కూడా అప్పుడే తీసుకున్నాం. వచ్చిన ఏజెంటు "బీపీ సంగతి ఫారంలో రాయకండి మేడం, ప్రీమియం పెరుగుతుంది" అన్నాడు. రాశాను. ముందే ఉన్న జబ్బుకి గరిష్ఠంగా మూడేళ్ళే వెయిటింగ్ (అంతవరకు ఆ జబ్బుకి క్లెయిమ్ ఇవ్వరు) పెట్టొచ్చని 2024లో నియమం మార్చారు, అంతకుముందు నాలుగేళ్ళు ఉండేది. దాచిపెట్టి రేపు క్లెయిమ్ కొట్టేస్తే ఆస్పత్రి వరండాలో నిలబడాల్సింది నేనూ మా ఆయనే. ఎవరి మాట విన్నా ఈ విషయంలో మాత్రం అలాంటివాళ్ళ మాట వినకండి.

మిషన్‌లో నచ్చనివి చెబుతాను. అడాప్టర్ పెట్టెలో రాలేదు, విడిగా కొనాలి. బ్యాటరీలు నీరసపడితే పట్టీ సగం ఉబ్బి ఎర్రర్ చూపిస్తుంది, మొదటిసారి నాకే ఏదో అయిందని హడలిపోయాను. మెమరీలో అందరి రీడింగులూ కలిసిపోతాయి, ఎవరిది ఏదో తెలియదు, అందుకే పక్కన ఒక నోటు పుస్తకం పెట్టుకున్నాం. పట్టీ మరీ బిగుతుగా చుట్టకూడదు, ఒక వేలు దూరేంత వదులు ఉండాలి, ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళకి అది చుట్టుకోవడం కొంచెం కష్టమే. గుండె లయ తప్పి కొట్టుకునే సమస్య ఉన్నవాళ్ళకి ఈ మిషన్ల అంకెలు అంత నమ్మదగ్గవి కాదు, తెర మీద లయ తప్పిందని చూపే గుర్తు పదే పదే వస్తుంటే డాక్టరుకి చూపించండి. రోజుకి పదిసార్లు చూసుకుని కంగారు పడే స్వభావం ఉంటే, నాకు మొదటి నెల అలాగే ఉండేది, మిషన్ బీరువాలో పెట్టి డాక్టరు చెప్పిన రోజే తియ్యండి. ఇవన్నీ పోగా ఐదుకి నాలుగున్నర ఇస్తాను.

అమ్మకి ఆ సంక్రాంతికి ఇవ్వాల్సిన మిషన్ నా దగ్గరే ఉండిపోయింది, ఉగాదికి ఇంకొకటి కొని ఇచ్చాను. పట్టీ సైజు ముందే టేపుతో కొలిపించి మరీ కొన్నాను. మొదట్లో రెండు నెలలు అలమరలోనే ఉంది. నేను మందు మొదలుపెట్టానని చెప్పాక ఒక రోజు పొద్దున్నే ఫోన్ చేసి "నాది 152, నీదెంత" అంది. అప్పటినుంచి రోజూ మాత్ర వేసుకుంటోంది. వారానికి రెండు రోజులు పొద్దున ఏడింటికి ఫోన్ వస్తుంది, టిఫిన్ చేశావా అని అడిగేముందు ఇద్దరం అంకెలు చెప్పుకుంటాం. మొన్న శుక్రవారం అమ్మది 132, నాది 121.

ఈ ఆదివారం తమ్ముడు వస్తున్నాడు. వాడికి 33. ఎప్పుడడిగినా బాగానే ఉన్నానక్కా అంటాడు. బ్యాటరీలు మార్చి, మిషన్ డైనింగ్ టేబుల్ మీద పెట్టి ఉంచాను.